మూడు బ్యాగుల్లో ఒకే పొట్లం

సిస్టరుగారు ఎవరిని పలకరించినా ముందు చెయ్యి పట్టుకునేవారు. కొత్తవాళ్లు అది ఆప్యాయత అనుకుని మురిసిపోయేవారు. ఆవిడ నాడి చూసేవారు. "ఎట్టా ఉన్నావు నాయనా" అని అడుగుతూనే వేళ్లు మణికట్టు మీద సర్దుకునేవి, కళ్లు తన గడియారం మీదికి పోయేవి. మన జవాబుతో ఆవిడకి పెద్దగా పని లేదు. "బాగానే ఉన్నానండీ" అంటే, "ఏం బాగు, రాత్రి నిద్ర పోలేదు నువ్వు" అని చెయ్యి వదిలేసేవారు. చాలాసార్లు అది నిజమయ్యేది. నిజం కానప్పుడు మనకే అనుమానం పట్టుకుని ఆ రాత్రి నిద్ర దూరమయ్యేది.

మొన్న వానాకాలంలో ఆవిడ పోయారు. నిద్రలోనే పోయారు. పొద్దున్న పాలవాడు ఎంత కొట్టినా తలుపు తియ్యలేదని మా ఇంటికొచ్చి చెప్పాడు. రాయ్‌పూర్‌లో మోవా అనే పేటలో మా ఇల్లూ ఆవిడ ఇల్లూ పక్కపక్కనే, రెండో తాళంచెవి మా దగ్గర ఉండేది. లోపలికెళ్లి ఆవిడ చెయ్యి నేను పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ చెయ్యి నేను పట్టుకోవడం అదే మొదలు.

ఎక్కడ పుట్టారో, రాయ్‌పూర్ ఎప్పుడు వచ్చారో నాకు సరిగా తెలియదు. బాపట్ల వైపని అనేవారు. ఆసుపత్రిలో నర్సుగా జీవితమంతా చేసి, రిటైరయ్యాక కింద ఒక వాటా, పైన ఒక గదీ కట్టుకున్నారు. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే వాళ్ల నాడి పట్టుకునేవారు, వాళ్లు మాట మార్చేసేవారు. చీర మీద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని నడిచేవారు. తొందరలో ఉంటే సగం తెలుగు, సగం హిందీ. మేమంతా సిస్టరుగారనే పిలిచేవాళ్లం.

ఆవిడ రెండో ప్రశ్న "ఏ ఊరు?" జ్వరమని వరండాలోకి ఎవరొచ్చినా, ఒళ్లు పట్టి చూడకముందే ఆ ప్రశ్న పడేది. పుట్టిన ఊరు కాదు, ఈమధ్య ఏ ఊరు వెళ్లొచ్చావని. జగదల్‌పూర్ వైపు అడవుల్లోంచి వచ్చినవాడైతే మాట పూర్తికాకుండానే వేలు పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క తీసేవారు, మలేరియా పరీక్షకి. ఊరు కదలని గుఢియారీ బజారు కొట్టువాడైతే ఒక మాత్ర ఇచ్చి, రెండ్రోజులు చూసి రమ్మనేవారు.

"అందరికీ తియ్యొచ్చు కదా" అని ఒకసారి అడిగాను.

"నా దగ్గర స్లయిడ్లు తక్కువ, జ్వరాలు ఎక్కువ నాయనా. ఊళ్లో అందర్నీ పొడుచుకుంటా కూర్చుంటే, నిజంగా జబ్బున్నోడు లైన్లో చివర కూర్చుని సీధా పైకి పోతాడు. ఎవరు యాడ నుంచి వచ్చారో చూడాల్సిందే. అది పక్షపాతం కాదు, పని."

ఈ మాట మీద నాకూ ఆవిడకీ ఏళ్ల తరబడి గొడవ. దానికి కారణం మా అమ్మ. మా అమ్మ విజయనగరం మనిషి, నా రైల్వే ఉద్యోగం వల్ల రాయ్‌పూర్ వచ్చాక, అప్పట్లో మేం ఉండే క్వార్టర్ల గేటు దాటడం కూడా ఆవిడకి ఊరు దాటినట్టే. జ్వరమొస్తే సిస్టరుగారు వచ్చి చూశారు, నాడి పట్టారు, నవ్వారు. "ఈవిడ యాడికి పోయింది గనక, మామూలు జ్వరమే" అని మాత్ర ఇచ్చారు. అది మామూలు జ్వరం కాలేదు. మలేరియా అని బయటపడేసరికి అమ్మ మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. ఆసుపత్రిలో సిస్టరుగారు కుర్చీ వేసుకుని మంచం పక్కనే ఉండిపోయారు. అమ్మ బతికింది, కానీ వినికిడి సగం పోయింది. ఆ తర్వాత "ఏటంటున్నావు, గట్టిగా చెప్పు" అనేది అమ్మ ఊతపదం అయిపోయింది.

"మీ జల్లెడలోంచి మా అమ్మ జారిపోయింది" అని నేను కోపంగా అన్నాను, ఒకటికి పదిసార్లు అన్నాను.

"జారింది. నా తప్పే. కానీ ఆ జల్లెడలో దొరికి బతికినోళ్లని నువ్వు చూడలేదుగా" అనేవారు. ఎప్పుడూ అదే జవాబు. తప్పు ఒప్పుకుంటారు, పద్ధతి మార్చరు. నాకు ఒళ్లు మండేది. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర రెచ్చిపోయేవాణ్ని, మా ఆవిడ టీవీ శబ్దం పెంచేది.

ఇక పొట్లాలు. మా రైల్వే కుటుంబాల్లో ఎవరు ప్రయాణం కట్టినా, రిక్షా వచ్చే వేళకి సిస్టరుగారు గేటు దగ్గర ప్రత్యక్షం. చేతిలో న్యూస్‌పేపరు ముక్కల్లో మడిచిన చిన్న చిన్న పొట్లాలు. ఉప్పూ పంచదారా తన లెక్క ప్రకారం కలిపి, పాతకాలం కాంపౌండరు మడతతో అంచులు లోపలికి దోపి ఉండేవి. దారిలో నీళ్లు పడక విరేచనాలు పట్టుకుంటే సీసా నీళ్లలో కలుపుకుని తాగాలి. బజారులో ఇవే పాకెట్లు దొరుకుతాయి కదండీ అంటే, "వాటిల్లో రంగేస్తారు" అనేవారు. వద్దన్నవాళ్లతో నెల్లాళ్లు మాటలుండేవి కావు. అందుకని అందరం తీసుకునేవాళ్లం. రైలు పెట్టెలో మా సామాను చూస్తే, అన్నం డబ్బా, మరచెంబు, సిస్టరుగారి పొట్లాలు ఉండాల్సిందే. వాడకుండా తిరిగొచ్చినవాటిని మా ఆవిడ నిమ్మకాయ షర్బత్‌లో చెల్లగొట్టేసేది.

గ్రేస్ సిస్టరుగారికి చర్చిలో దొరికింది. ఊరి బయట ప్రైవేటు కాలేజీలో ఫార్మసీ చదవడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్ల. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరూ ముందు ఆ పేరునే చూస్తారు. ఆదివారం తెలుగు ఆరాధనకి వచ్చి కూర్చుంది, భాష రాదు. పాట రాగం తను ఎరిగినదే కావడంతో తన భాషలో తను గొంతెత్తి పాడేసింది. వెనక బెంచీలో సిస్టరుగారు తలతిప్పి చూశారట. బయటికొచ్చాక మామూలుగానే చెయ్యి పట్టుకున్నారు. హాస్టల్లో తిండి పడటం లేదని, గది వెతుక్కుంటోందని తెలిసింది.

గది చూడటానికి వచ్చిన రోజు ప్రహరీ ఇవతల నేను మొక్కలకి నీళ్లు పోస్తున్నాను. ఏ దేశమో సిస్టరుగారికి అప్పటిదాకా తెలియదు కాబోలు, అడిగారు. ఆ పిల్ల చెప్పింది.

"గది ఇస్తా. ముందు వేలు ఇవ్వు" అన్నారు సిస్టరుగారు హిందీలో.

గ్రేస్‌కి అర్థం కాలేదు. సూదీ గాజుపలకా చూపించి, మీ దేశంలో మలేరియా ఎక్కువ, నా ఇంటి పక్కన పిల్లలున్నారు, ముందు చూడాలి అని వివరించారు. నేను గొట్టం కింద పడేసి గోడ దగ్గరికి వెళ్లాను. "గది అద్దెకిస్తున్నారా, వార్డులో చేర్చుకుంటున్నారా?" అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు.

గ్రేస్ చెయ్యి చాపింది. చాపి, కొంచెం నవ్వుతూ, "మీరు కూడా ఇస్తారా ఆంటీ? నేనూ మీ పక్కనే ఉండాలి కదా" అంది.

సిస్టరుగారు సూది పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇంతవరకూ ఏ రోగీ ఆవిడని ఆ మాట అడిగి ఉండడు. తర్వాత ఇంకో సూది తీసి తన వేలు కూడా పొడుచుకున్నారు. రెండు పలకలూ పక్కపక్కన వరండా గట్టు మీద ఆరాయి. రెండింట్లోనూ ఏమీ లేదని తేలాక తాళంచెవి ఇచ్చారు. వీధిలోవాళ్లు "ఆ దేశం మనుషులు ఎలాంటివాళ్లో ఏమో" అని గుసగుసలు పోతే, "స్లయిడ్ చూశా, క్లీన్‌గా ఉంది" అనేవారు, అదేదో నడవడిక సర్టిఫికెట్ అయినట్టు.

గ్రేస్ ఆ గదిలో కుదురుకుంది. తెలుగులో "తిన్నావా", "అయితే సరే" నేర్చుకుంది. నన్ను అంకుల్ అనేది. మా అమ్మ ఆ పిల్లతో గంటలు గంటలు మాట్లాడేది. ఒకరికి వినపడదు, ఒకరికి అర్థం కాదు, ఇద్దరికీ ఇబ్బంది లేదు. సిస్టరుగారు మాత్రం ఆ పిల్ల రోజూ పొద్దున్న కాలేజీ బస్సుకి వెళ్లేముందు నాడి చూసి పంపేవారు.

రెండో ఏడు చదువుతుండగా గ్రేస్ వాళ్ల అన్న ఫోన్ చేశాడు. అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఇంకా మాట ఉంది, నిన్నే అడుగుతోంది, తొందరగా రమ్మన్నాడు. రాయ్‌పూర్ నుంచి ముంబై, అక్కణ్నుంచి ఇంకో విమానం. అది రోజూ ఉండేది కాదు. టికెట్లు దొరికాయి. పిల్ల ఏడుస్తూనే సర్దుకుంది. ఆ స్థితిలో ఒంటరిగా పంపేది లేదని, ముంబైలో పెద్ద విమానం ఎక్కించి వస్తానని సిస్టరుగారు బయలుదేరారు. ఆవిడ అంతవరకూ విమానం ఎక్కలేదు. ఆవిడకి తోడుగా నన్ను రమ్మన్నారు. కల్యాణ్‌లో మా అక్క ఉంది కాబట్టి నేనూ సెలవు పెట్టాను. అలా ఒకరికి తోడు ఒకరం, ముగ్గురం.

బయలుదేరే ముందు సిస్టరుగారు ముగ్గురి బ్యాగుల్లోనూ పొట్లాలు పెట్టారు. నా కళ్లముందే పెట్టారు. నాకేమీ తోచలేదు. రైలు మనుషులం మేము. రైల్లో పొట్లం ఎవడు విప్పి చూస్తాడు? విమానమంటే తొందరగా వెళ్లే రైలు, అంతే మా లెక్క. చదువుకున్నవాణ్ని, అంతకుముందు రెండుమూడు సార్లు విమానం ఎక్కినవాణ్ని, నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

రాయ్‌పూర్ విమానాశ్రయంలో బ్యాగుల తనిఖీ దగ్గర ముందు నాది వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు. తర్వాత సిస్టరుగారిది. బెల్టు ఒక క్షణం ఆగింది. అక్కడున్న అమ్మాయి పొట్లం బయటికి తీసి ఇదేమిటని అడిగింది.

"నమక్ షక్కర్, బేటీ. కడుపు చెడితే తాగడానికి" అన్నారు సిస్టరుగారు.

ఆ అమ్మాయి నవ్వింది. మా నానమ్మ కూడా ఇలాగే కట్టిస్తుందని చెప్పి, పొట్లం లోపల పెట్టి జిప్పు తనే లాగింది.

గ్రేస్ బ్యాగు పక్కకి తీశారు. పాస్‌పోర్టు అడిగారు. అదే న్యూస్‌పేపరు, అదే మడత, అవే పొట్లాలు. ఇదేమిటి అంటే గ్రేస్ కూడా అదే చెప్పింది, ఆంటీ దగ్గర నేర్చుకున్న హిందీలో. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి కోసం ఏడ్చిన కళ్లు అవి. వాళ్లకి ఎలా కనిపించాయో నేను చెప్పలేను. ఒక యువ అధికారి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, అది నేను ఒప్పుకోవాలి. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. అరిచి ఉంటే నాకు ఇన్నేళ్లు ఇంత తికమక ఉండేది కాదేమో.

"మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ ఈ దేశం పాస్‌పోర్టు వస్తే పూర్తిగా చూడాలని మాకు పైనుంచి మాట. పొడి ఏమిటో తేలేదాకా పంపలేను. పరీక్ష చేసేవాళ్లు ఊళ్లోంచి రావాలి" అన్నాడు హిందీలో.

నేను ముందుకెళ్లాను. "అదే పొట్లం నా బ్యాగులో కూడా ఉంది. నాదీ ఆపండి."

"మీది ఆపమని నాకెవరూ చెప్పలేదు సార్."

సిస్టరుగారు తన బ్యాగు తెరిచి, తన పొట్లం విప్పి, అందులో పొడి మొత్తం నోట్లో పోసుకున్నారు. నీళ్లు లేకుండా నమిలారు. జనం ఆగి చూశారు. ఆ అధికారి మొహం ఎర్రబడింది. "అది మీ పొట్లం మాతాజీ" అన్నాడు మెల్లగా. అప్పుడు ఆవిడ అతని చెయ్యి పట్టుకున్నారు. బతిమాలుతున్నారని అతను అనుకున్నట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాకు తెలుసు ఆవిడ ఏం చేస్తున్నారో. కొంతసేపు పట్టుకుని వదిలేశారు.

పరీక్ష చేసేవాళ్లు వచ్చారు. అంతకుముందే మా విమానం తలుపులు మూసేశారని మైకులో చెప్పారు. తలుపులు మూయకముందే మమ్మల్నిద్దర్నీ వెళ్లి ఎక్కమన్నారు, మేం వెళ్లలేదు. గ్రేస్ ఇనప కుర్చీలో కూర్చుని పెదాలు కదిపింది, ప్రార్థనో, తల్లితో మాటలో. పొడి ఉప్పూ పంచదారే అని తేలింది. అధికారి వచ్చి క్షమించమన్నాడు. తర్వాతి విమానంలో సీట్లు తనే దగ్గరుండి ఇప్పించాడు. విప్పిన పొట్లాలు తిరిగి మడవబోతే అతనికి రాలేదు, పొడి బల్ల మీద ఒలికింది. సిస్టరుగారు తీసుకుని మళ్లీ మడిచి, ఒక్కొక్కటీ గ్రేస్ బ్యాగులో పెట్టారు.

ముంబై చేరేసరికి పెద్ద విమానం వెళ్లిపోయింది. తర్వాతది వచ్చేదాకా సిస్టరుగారు ఆ పిల్లతో అక్కడే ఒక లాడ్జిలో ఉన్నారు. నేను కల్యాణ్ వెళ్లలేదు, నాకు మనసొప్పలేదు. ఫోన్‌లో తల్లితో మాట్లాడించమని గ్రేస్ అడిగితే, ఇప్పుడు నిద్రపోతోందని అన్న అంటూ వచ్చాడు. విమానం ఎక్కకముందే అసలు సంగతి చెప్పేశాడు. గ్రేస్ ఇంటికి చేరేసరికి మట్టి కూడా అయిపోయింది.

తిరుగు ప్రయాణం రైల్లో చేశాం. నేను దారి పొడుగునా మండిపడుతూనే ఉన్నాను. ఒకటే పొట్లం, మూడు బ్యాగులు, ఇంతకన్నా రుజువు ఏం కావాలి అన్నాను. ఇప్పుడేమంటారు మీ జల్లెడ గురించి అన్నాను. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటికి ఒక మాట అన్నారు.

"ఆ అబ్బాయి నాడి పరిగెత్తింది నాయనా. భయపడుతున్నాడు. మత్లబ్, అంటే, వదిలేస్తే, అందులో ఏదన్నా ఉంటే, రేపు వాడి గతి ఏంది?"

"మరి గ్రేస్ గతి?"

నాగపూర్ దాటాక మళ్లీ తనే, "నన్నెందుకు వదిలారు? నేనైతే ఏదీ పెట్టుకోలేనా?" అన్నారు. ఆ మాట కోపంగా అన్నారో, నిజంగానే అడిగారో పోల్చుకోలేకపోయాను. అడిగితే, "పడుకో" అన్నారు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆవిడ ఒక మాట మీద నిలవలేదు. ఒకరోజు అధికారిదేం తప్పు అనేవారు. ఇంకోరోజు కంప్లయింటు రాద్దాం, ఇంగ్లీషు సరిచెయ్యమని నా దగ్గరికొచ్చి, వాకిట్లోంచే వెనక్కి వెళ్లిపోయేవారు. పొట్లాల మీద 'ఉప్పు, పంచదార' అని మూడు భాషల్లో రాయడం మొదలుపెట్టారు. రాస్తే మరీ అనుమానమొస్తుందేమో అని అవన్నీ చించేశారు. వరండాలోకి జ్వరమని వచ్చినవాళ్లని "ఏ ఊరు?" అని అడగబోయి ఆగిపోవడం నేను చూశాను. ఆగి, మళ్లీ అడిగేవారు. ఇంకేం చేస్తారు, స్లయిడ్లు అప్పుడూ తక్కువే కదా.

నా తికమకా తక్కువేం కాదు. అందర్నీ గ్రేస్‌లాగే ఆపితే విమానాలు కదలవు. ఎవర్నీ ఆపకపోతే నేనే ఎక్కను, మా పిల్లల్ని ఎక్కనివ్వను. మరి కొందరినే ఆపాలంటే, ఎవరినని? ఇక్కడిదాకా వచ్చి నా బుర్ర ఆగిపోతుంది. పుట్టిన దేశాన్ని బట్టి అంటే గ్రేస్ గుర్తొస్తుంది. దాన్ని బట్టి కాదంటే, ఇంకేం చూసి పోల్చుకోవాలో నాకు తెలియదు. అంతా తెలిసినట్టు మాట్లాడేవాళ్లని చూస్తే ఇప్పుడు నాకు అసూయగా ఉంటుంది.

కాలేజీ మానెయ్యకుండా గ్రేస్ తిరిగొచ్చింది. బాగా చిక్కింది. వచ్చిన సాయంత్రం పైన గది ముందు ముగ్గురం కూర్చున్నాం. సిస్టరుగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు ఆవిడ గడియారం చూడలేదు.

"నా పొట్లం వల్లే అయింది బేటీ" అన్నారు.

గ్రేస్ తల అడ్డంగా ఊపింది. "ఆంటీ, ఒకటి అడుగుతాను. వాళ్లు చేసింది సరైనదేనా?"

తప్పు, ముమ్మాటికీ తప్పు అని నేను నోరు తెరవబోయాను. ఆ పిల్ల ఆగలేదు, సిస్టరుగారినే చూస్తూ తన హిందీలో నెమ్మదిగా కూడబలుక్కుని చెప్పింది. "అక్కడ అందరూ తప్పు తప్పు అంటున్నారు. మా అన్న రోజూ అంటాడు. వాళ్లు తప్పు చేశారంటే, మా అమ్మ నన్ను పిలుస్తూ పిలుస్తూ పోయింది కదా, అది ఊరికే జరిగిందన్నమాట. ఏ కారణం లేకుండా. అది నేను మొయ్యలేకపోతున్నాను. అది పని, చెయ్యాల్సిన పని అయితే, నా దురదృష్టం అనుకుంటాను. అది మొయ్యగలను. మీరు నర్సు. మీకు తెలుసు. చెప్పండి."

నేను సిస్టరుగారి మొహం చూశాను. ఇంత పెద్ద ప్రశ్న ఆవిడని ఎవరూ అడిగి ఉండరు.

"సరైనదే" అన్నారు. "ఎవరు యాడ నుంచి వచ్చారో చూడాల్సిందే. నేనైనా అదే చేస్తా. నీకు చెయ్యలేదూ, గది ఇచ్చే ముందు? అది వాళ్ల పని."

గ్రేస్ ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వచ్చాక అదే మొదటిసారి ఏడవడం. నేను కిందికి దిగి వచ్చేశాను.

ఆ రోజు నుంచి సిస్టరుగారు మారలేదు. గ్రేస్ చదువు పూర్తి చేసుకునేదాకా, ఎవరు ఎత్తినా ఆవిడది అదే మాట. చర్చిలో ఎవరో పాపం అన్యాయం చేశారమ్మా అంటే అక్కడే గట్టిగా తగులుకున్నారు. మా ఇంట్లో టీవీలో ఏ విమానాశ్రయం వార్త వచ్చినా తనిఖీ చేసేవాళ్ల వైపే మాట్లాడేవారు, నేను ఎంత రెచ్చగొట్టినా అంతే. కంప్లయింటు ఊసే లేదు.

గ్రేస్ చదువు ముగించుకుని వెళ్లిపోయాక, ఒకరోజు తెలీబంధా చెరువు గట్టున నడుస్తూ అడిగాను. ఆవిడ తెల్ల బూట్ల వేగానికి నాకు ఆయాసం. "ఇప్పుడు ఆ పిల్ల లేదు. మనిద్దరమే. నిజం చెప్పండి, మీరు అనుకునేది ఏమిటి?"

"ఆ పిల్లకి చెప్పిందే."

"అది ఆమె కోసం అన్నారు. నాకు చెప్పండి."

ఆగి నావైపు చూశారు. "నీకొకటి, ఆ పిల్లకొకటి చెప్తే, ఎప్పుడో ఒకప్పుడు నీ నోటెంట జారుద్ది నాయనా. నువ్వు నోరాపుకునే మనిషివి కాదు. అందుకని ఒకటే. బస్."

తర్వాత కూడా నేను చాలాసార్లు ప్రయత్నించాను, మాటల్లో ఇరికించాలని చూశాను. మా అమ్మ పోయినప్పుడు, ఇద్దరం అలసిపోయి గుమ్మంలో కూర్చున్నప్పుడు కూడా అడిగాను. చెయ్యి పట్టుకుని నాడి చూశారు.

ఆవిడ పోయిన మర్నాడు గ్రేస్‌కి కబురు పెట్టాను. వెంటనే ఫోన్ చేసింది. తను ఇప్పుడు వాళ్ల ఊళ్లో మందుల షాపు నడుపుతోంది, పిల్లలున్నారు. చాలాసేపు ఏడ్చింది. ఎలా పోయారు, ఎవరున్నారు, చర్చిలో ఎవరు పాడారు, అన్నీ అడిగింది. ఆఖరున అంది. "అంకుల్, ఆరోజు ఆంటీ నాకు చెప్పింది. వాళ్లు చేసింది సరైనదేనని. నిజంగా అలాగే అనుకునేదా, నా కోసం అందా? మీకు చెప్పే ఉంటుంది. మీ దగ్గర ఆమె ఏదీ దాచుకునేది కాదు."

నాకు తెలియదు. అది తప్పని నేను ఇన్నేళ్లూ వాదించినవాణ్ని. ఆవిడతో పోట్లాడినవాణ్ని.

"అలాగే అనుకునేవారు" అన్నాను. "చివరిదాకా అదే మాట. నేను ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పారు."

గ్రేస్ తెలుగులో, "అయితే సరే" అంది.